ఇటాలియన్ అంకెలు: నోటికి వచ్చాయి, చెవికి రావడం లేదు

బెజవాడ_అమ్మాయి (తొరీనో)
14 అక్టోబర్, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తొరీనో వచ్చి ఆరు వారాలైంది. మనం ట్యురిన్ అంటామే, అదే. ఎమ్మెస్ క్లాసులన్నీ ఇంగ్లీషులోనే కాబట్టి ఇటాలియన్ మెల్లగా నేర్చుకోవచ్చులే అనుకున్నా. బయల్దేరే ముందే ఇంట్లో కూర్చుని యాప్‌లో అంకెలు బట్టీ పట్టేశా. ఊనో, దూయె, త్రె, క్వత్త్రో, చింక్వె, సెయి, సెత్తె, ఒత్తో, నోవె, దియెచి. నూరు దాకా గడగడా చెప్పేస్తా. కానీ ఎదుటివాళ్లు మాటల మధ్యలో ఒక్క అంకె అంటే చాలు, బుర్ర ఆగిపోతోంది.

పోయిన వారం గది కోసం ఫోన్ చేస్తే ఇంటావిడ "దొమాని, అల్లె సేదిచి" అంది. రేపు రమ్మందని అర్థమైంది. సేదిచిలో నాకు మొదటి ముక్క ఒక్కటే వినబడింది, సెయి అనుకున్నా, ఆరు గంటలు. మర్నాడు సాయంత్రం సరిగ్గా ఆరింటికి బెల్ కొట్టా. ఆవిడ చెప్పింది 16 గంటలకట, అంటే నాలుగింటికి. నేను రాలేదని ఐదింటికి వచ్చిన ఇంకో అమ్మాయికి గది ఇచ్చేసింది. కాలేజీకి నడిచి వెళ్లే దూరం, అద్దె కూడా నా బడ్జెట్‌లోనే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నిన్న సూపర్ మార్కెట్‌లో చీజ్ కౌంటర్ దగ్గర టోకెన్ తీసుకున్నా, 67. బోర్డు పని చేయడం లేదు, కౌంటర్ అతను నోటితో పిలుస్తున్నాడు. నా నంబర్ పిలిచి, మళ్లీ ఇంకోసారి పిలిచి, 68కి వెళ్లిపోయాడు. నాకు అది 77లా వినబడింది. వేరే ఎవరి నంబరో అనుకుని అలాగే నిలబడే ఉన్నా.

మీరంతా ఎలా దాటారు దీన్ని? ఎన్నాళ్లు పట్టింది? నిజంగా టెన్షన్‌గా ఉంది.

---

పాదోవా_అక్క
14 అక్టోబర్, రాత్రి 10:25

చెల్లీ, ముందు ఆ గది సంగతి మనసులోంచి తీసెయ్. సేదిచి, సెయి అందరికీ తగిలే దెబ్బే. ఇక్కడ అపాయింట్‌మెంట్లు, రైళ్లు, ఆఫీసు టైములు 24 గంటల లెక్కలోనే చెప్తారు. అందుకని మధ్యాహ్నం తర్వాత ఏ టైము చెప్పినా నువ్వు తిరిగి అడగాలి. "సేదిచి, క్వత్త్రో దెల్ పొమెరిజ్జో?" అని. నాలుగింటికేనా అని అర్థం. ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక 67, 77. ఇందులో నీకు తెలియకుండానే ఒక అదృష్టం ఉంది. సెస్సంత అరవై, సెత్తంత డెబ్బై. తేడా అంతా ఒక్క ఒత్తులో. మొదటిది "అస్సలు"లో ఉన్న స్స, రెండోది "అత్త"లో ఉన్న త్త. నాతో క్లాసులో ఉన్న ఇంగ్లీషు వాళ్లకి ఒత్తు ఉన్న అక్షరానికీ లేనిదానికీ తేడా పట్టుకోవడానికి నెలలు పట్టింది. మనకి అది ఉగ్గుపాలతో వచ్చింది. కలకీ కల్లకీ తేడా తెలిసిన చెవి మనది. ఇటాలియన్‌లో సెత్తె అంటే ఏడు, సేతె అంటే దాహం. నోనో అంటే తొమ్మిదోది, నొన్నో అంటే తాత. నువ్వు ఇంగ్లీషు చెవితో వింటున్నావు. తెలుగు చెవితో విను.

నేను చేసిన పని చెప్తా. కొన్న ప్రతిదానికీ రసీదు ఇస్తారు కదా, స్కొంత్రీనో. ఇంటికొచ్చాక దాని మీద ఉన్న ప్రతి ధరా పైకి చదివేదాన్ని. 2,35 ఉంటే "దూయె ఎ త్రెంతచింక్వె". వంట చేస్తూ చదివేదాన్ని. మూడు వారాలకి వాళ్లు చెప్పే ధర మెషీన్ వైపు చూడకుండానే తెలిసిపోయేది.

---

లెక్కల_మాస్టారు (గుంటూరు, ప్రస్తుతం మిలానో)
15 అక్టోబర్, ఉదయం 7:10

అమ్మాయీ, నేను ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాడిని. అబ్బాయి దగ్గరికి వచ్చిపోతూ ఉంటాను. మనవరాలు ఇక్కడి బడిలోనే రెండో తరగతి. దాని పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను కాబట్టి చెబుతున్నా.

ముందు కట్టుబడి చూడు. పదకొండు నుంచి పదహారు దాకా చిన్న అంకె ముందు, పది వెనక: ఊందిచి, దోదిచి, త్రేదిచి, క్వత్తోర్దిచి, క్వీందిచి, సేదిచి. పదిహేడు దగ్గర తిరగబడుతుంది. పది ముందుకొస్తుంది: దిచస్సెత్తె, దిచోత్తో, దిచన్నోవె. అంటే చివర "దిచి" వినబడితే పదహారు లోపు, మొదట "దిచ" వినబడితే పదిహేడు పైన. మొదటి అక్షరం దగ్గరే సగం పని అయిపోతుంది. నీ గది పోయింది కూడా ఇక్కడే. సెయి అనుకుని ఆగిపోయావు, వెనక వచ్చే దిచి కోసం చెవి నిలబెట్టలేదు. ఇలా గీత దాటగానే పద్ధతి మారడం మనకి కొత్త కాదు. పదకొండు, పన్నెండు ఒక తీరు, పదమూడు నుంచి ఇంకో తీరు, పంతొమ్మిది మళ్లీ తన దారి తనది. పరాయివాడు తెలుగు నేర్చుకుంటే వాడికి తొంభై, తొమ్మిది వందలు ఎంత తికమక పెడతాయో ఆలోచించు.

ఇరవై నుంచి సాఫీ. వెంతి, దాని పక్కన ఒకట్ల అంకె. రెండింటి దగ్గర మాత్రం సంధి జరుగుతుంది: ఒకటి, ఎనిమిది. వెంతి + ఊనో = వెంతూనో. వెంతి + ఒత్తో = వెంతోత్తో. ముప్పైలో త్రెంతూనో, త్రెంతోత్తో. అచ్చు మీద అచ్చు వస్తే ముందుది పోతుంది. "రాముడు + అతడు" రాముడతడు అయినట్టే. సంధి చదువుకున్న పిల్లలకి దీనికి వేరే సూత్రం అక్కర్లేదు.

మరొక మాట చెప్పకుండా ఉండలేను. ఈ అంకెలు ఈ దేశానికి మన దగ్గర నుంచి వెళ్లినవి. పీసా ఊరివాడు లియొనార్దో, అందరూ ఫిబొనాచ్చి అంటారు, వాళ్ల నాన్న ఉత్తర ఆఫ్రికాలో బుజీయా రేవులో పీసా వర్తకుల తరఫున పని చేసేవాడు. కుర్రవాడు అక్కడే ఈ లెక్క నేర్చుకుని 1202లో లీబర్ అబాచి రాశాడు. మొదట్లోనే "భారతీయుల తొమ్మిది అంకెలు ఇవి" అని చెప్పి, వాటి పక్కన సున్నని పెట్టాడు. మన శూన్యం అరబ్బులో సిఫ్ర్ అయింది, ఆయన లాటిన్‌లో జెఫిరుమ్ అని రాశాడు, వీళ్ల నోట్లో అరిగి అరిగి జీరో అయింది. 1299లో ఫ్లోరెన్స్ డబ్బు మారకం వ్యాపారుల సంఘం తన లెక్కల పుస్తకాల్లో ఈ కొత్త అంకెలు వాడకూడదని నియమం పెట్టింది కూడా. డబ్బు మొత్తాలు అక్షరాల్లోనే రాయాలన్నారు. అలాంటిది చివరికి మన అంకెలే నిలిచాయి. పీసాలో కాంపొసాంతో అనే పాత శ్మశానవాటికలో ఆయన విగ్రహం ఉంది. పోయినేడు దాని ముందు నిలబడినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

---

బెజవాడ_అమ్మాయి
15 అక్టోబర్, మధ్యాహ్నం 1:30

మాస్టారూ, సంధి అని చెప్పగానే ఒక్కసారిగా అతుక్కుంది. చాలా థ్యాంక్స్ అండి. అక్కా, రసీదు చదవడం ఈ రోజు నుంచే మొదలుపెట్టా.

ఇంకో డౌట్. నా ఫ్రెండ్ తెలుగు లిపిలో రాసుకోవద్దు అంటోంది, ఉచ్చారణ పాడవుతుందట. నేను నోట్సంతా తెలుగులోనే రాసుకున్నా. మానేయాలా?

---

పాదోవా_అక్క
15 అక్టోబర్, మధ్యాహ్నం 2:05

మానకు. ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుంటేనే పాడవుతుంది. ఇటాలియన్‌లో త, ద మన త, ద లాంటివే, పళ్లకి తగిలేవి. ట, డ కావు. ఆ ఒక్కటి గుర్తుంటే సగం యాస సరిపోయినట్టే.

---

లెక్కల_మాస్టారు
15 అక్టోబర్, సాయంత్రం 4:20

ఆమె చెప్పిందానికి ఒకటి కలుపుతాను. సున్నని నేను పైన "జీరో" అని రాశాను గానీ వాళ్లు పలికే జ మన "జొన్న"లో జ లాంటిది, "జీలకర్ర"లో జ లాంటిది కాదు. చింక్వె, దియెచిలో చ మాత్రం "చిలక"లో చ. "చుట్ట"లో ఉన్న చ కూడా వాళ్లకి ఉంది, పియాజ్జా అని మనం రాసుకునే మాటలో అదే ఒత్తుగా పలుకుతుంది. మన పెద్దలు చ, జల మీద చిన్న గుర్తు పెట్టి ఈ రెండు రకాలూ వేరు చేసేవారు. నీ నోట్సులో కూడా అలాగే ఒక గీత పెట్టుకో.

---

పాలమూరు_పిల్లగాడు (బొలోన్యా)
15 అక్టోబర్, రాత్రి 11:50

ఇప్పుడే డ్యూటీ దిగి చూస్తున్న. నేను ఇక్కడ రెస్టారెంట్‌లో పార్ట్‌టైమ్, రెండేళ్ల సంది. మొదట గిన్నెలు, ఇప్పుడు టేబుళ్లు. అక్కా, పుస్తకంల లేనివి కొన్ని చెప్తా.

మొదటిది వేళ్లు. మనం వేలి కణుపుల మీద బొటనవేలుతోని లెక్కపెడతం, లేకుంటే చూపుడువేలు లేపి ఒకటంటం. ఇక్కడ ఒకటంటే బొటనవేలు. రెండంటే బొటనవేలు, చూపుడువేలు. నేను కొత్తల చూపుడువేలు, నడిమి వేలు చూపిచ్చి రెండు కాఫీలంటే బారు ఆయన ఒక్క క్షణం నా చెయ్యి దిక్కు చూసిండు. లొల్లి ఉన్నచోట నోటికన్నా చెయ్యే ఎక్కువ మాట్లాడుతది, గుర్తు పెట్టుకో.

రెండోది చేతిరాత. వీళ్లు 1 రాస్తే ముందు ఇంత పొడుగు గీత పైకి గీసి కిందికి దించుతరు. మనకు అది అచ్చం 7 లెక్క కనిపిస్తది. వాళ్ల 7కు నడుమ అడ్డగీత ఉంటది. నా మొదటి వారం ఒక చీటీ వచ్చింది, టేబుల్ 11. నేను 77 అని చదివి, మా దగ్గర అన్ని టేబుళ్లే లేవని నిలబడ్డ. అప్పటి సంది అడ్డగీత ఉంటేనే ఏడు. నువ్వు ఫారాలు నింపేటప్పుడు కూడా నీ ఏడుకు అడ్డగీత పెట్టు.

మూడోది ఎత్తో. ఒక ఎత్తో అంటే 100 గ్రాములు. నీ చీజ్ కౌంటర్‌ల వంద గ్రాములు అని ఎవ్వరూ అనరు. "దూయె ఎత్తి" అంటే 200 గ్రాములు, "ఉన్ ఎత్తో ఎ మెజ్జో" అంటే 150. అర కిలో "మెజ్జో కీలో". కాగితం మీద ధర కూడా ఎత్తోకు రాస్తరు ఒక్కొక్కచోట. అది చూసి కిలో ధర అనుకుని సంబురపడకు.

ఇగ మనుషుల లెక్క. మనకు రెండు వేరు, ఇద్దరు వేరు. మూడు వేరు, ముగ్గురు వేరు. వీళ్లకు ఆ తేడా లేదు, కానీ ఒక పద్ధతి ఉంది. నలుగురం వచ్చినం అంటే "సియామో ఇన్ క్వత్త్రో". ఆ "ఇన్" మన "గురు" అనుకో. నేనైతే అట్లనే గుర్తు పెట్టుకున్న.

ఫోన్ల టేబుల్ బుక్ చేసేటోళ్లు మొబైల్ నంబరు చెప్తరు సూడు, అదే అసలైన పరీక్ష. మొదటి మూడు అంకెలు కలిపి "త్రెచెంతొక్వరంతసెత్తె" అంటరు, అంటే 347. ఆ తర్వాత రెండేసి అంకెలు జంటలుగ వస్తయి. మనం ఒక్కొక్క అంకె చెప్పే అలవాటోళ్లం. నేను సిగ్గుపడకుండ అడుగుత: "ఊన చీఫ్ర అల్ల వోల్త, పెర్ ఫవోరె." ఒక్కో అంకె చెప్పండి అని. చీఫ్ర అంటే అంకె. మాస్టారు, మీరు చెప్పిన సిఫ్ర్ ఇదేనా సార్?

---

లెక్కల_మాస్టారు
16 అక్టోబర్, ఉదయం 6:45

అదే నాయనా. ఒకే అరబ్బు మాట రెండు దారుల్లో వచ్చి ఒకటి సున్న అయింది, ఇంకొకటి అంకె అయింది. భలే పట్టావు.

---

రోమా_సిస్టర్
17 అక్టోబర్, సాయంత్రం 6:15

తల్లీ, నీ పోస్టు రెండు రోజులుగా చదువుతున్నా. మాది నెల్లూరు దగ్గర. 2009లో మా సభ తరఫున రోము వచ్చాను. వృద్ధుల ఆశ్రమంలో సేవ. నాకు అంకెలు నేర్పింది ముసలివాళ్లే.

పెద్దవాళ్లని వయసు అడిగితే చాలామంది పుట్టిన సంవత్సరం చెప్తారు, అది కూడా చివరి రెండంకెలే. "సోనో దెల్ త్రెంతోత్తో." నేను ముప్పై ఎనిమిది దాన్ని, అంటే 1938లో పుట్టాను. మొదటి రోజు నాకు అర్థం కాలేదు, తెల్లజుట్టు ఆవిడ ముప్పై ఎనిమిది అంటోందేమిటా అని. తర్వాత ఆ లెక్క నాకు ఎంత ఇష్టమైందో. ఒక్కొక్కరిదీ ఒక్కో సంవత్సరం. నలభై మూడు దాన్ని అని ఒకావిడ అంటే, ఆమె యుద్ధంలో పుట్టిందని ఆ ఒక్క మాటతోనే తెలుస్తుంది.

జ్వరం 38.2 ఉంటే "త్రెంతోత్తో ఎ దూయె". బీపీ "చెంతొవెంతి సు ఒత్తంత", 120 మీద 80. డాక్టరుగారు వీపు మీద చెయ్యి పెట్టి ఊపిరితిత్తులు చూసేటప్పుడు "దీక త్రెంతత్రే" అంటారు, ముప్పై మూడు అనండి అని. ఆ మాట పలికినప్పుడు ఛాతీ లోపల కలిగే అదురు చేతికి తెలుస్తుందట. నాకు దగ్గు పట్టుకుని మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్తే అదే అడిగారు. నేను బలంగా త్రెంతత్రే అన్నాను. ఆయన, "ఉచ్చారణ చక్కగా ఉంది, ఊపిరితిత్తులూ బాగున్నాయి" అన్నారు. ఆ రోజు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

వరస సంఖ్యలు నేను పోపుగార్ల పేర్లతో నేర్చుకున్నాను. జొవాన్ని పావొలో సెకొందో, రెండవ జాన్ పాల్. జొవాన్ని వెంతిత్రేయెసిమో, ఇరవై మూడవ జాన్. ఇప్పటి పోపుగారు లెయోనె క్వత్తోర్దిచెసిమో, పద్నాలుగవ లియో. ఒకటి నుంచి పది దాకా ప్రీమో, సెకొందో, తెర్త్సో అని వేరే పేర్లు, పదకొండు నుంచి చివర ఎసిమో తగిలిస్తే చాలు. తేదీల్లో మాత్రం ఒకటో తేదీకే ప్రీమో అంటారు, మిగతావన్నీ మామూలు అంకెలే.

వీధుల పేర్లు కూడా చూడు. రోమన్ అంకెల్లో బోర్డు ఉంటుంది, వెంతి సెత్తెంబ్రె అని చదవాలి. 1870 సెప్టెంబర్ 20న రోము నగరం ఇటలీలో కలిసిన రోజు అది. వెంతిచింక్వె అప్రీలె, 1945లో విముక్తి రోజు. ఇవి దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. నడుస్తూ చదువుకో తల్లీ.

ఈ రోజు శుక్రవారం, 17. ఇక్కడ జనం అపశకునం అంటారు, మనకి 13 అని విన్నట్టు. 17ని రోమన్ అంకెల్లో రాసి అక్షరాలు అటూ ఇటూ మారిస్తే లాటిన్‌లో "విక్సి" వస్తుంది, "బతికాను" అని, అంటే ఇక లేను అని. పొద్దున మా వంటావిడ ఆ మాట చెప్పి సిలువ గుర్తు వేసుకుంది. నేను మాత్రం ఈ రోజే నీకు రాయాలనుకున్నాను.

---

బెజవాడ_అమ్మాయి
18 అక్టోబర్, రాత్రి 8:00

సిస్టర్, మీ పోస్టు మా అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించా. మీకు నమస్కారాలు చెప్పమంది.

నిన్న పెర్మెస్సో, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్, దాని ఫీజు కట్టడానికి పోస్టాఫీసుకి వెళ్లా. బొల్లెత్తీనో, అంటే డబ్బు కట్టే చలానా మీద మొత్తం అక్షరాల్లో కూడా రాయాలి కదా. 70,46. దశాంశానికి చుక్క బదులు కామా, వేలకి కామా బదులు చుక్క, అది ముందే తెలుసు. కానీ అక్షరాల్లో ఎలా రాయాలో తెలియక పెన్ను పట్టుకుని నిలబడ్డా. పక్కన ఒక పెద్దాయన చూసి, తన వేలితో కాగితం మీద చూపించారు: సెత్తంత అని రాసి, ఒక ఏటవాలు గీత, దాని పక్కన 46. అంతే. సంఖ్య ఎంత పొడుగైనా ఒకే మాటగా, ఖాళీ లేకుండా రాయాలని కూడా చెప్పారు. తర్వాత పొగాకు షాపులో స్టాంపు, మార్క ద బొల్లో. నేనే అడిగా: "ఊన మార్క ద బొల్లో ద సేదిచి ఎవురో." ఆ సేదిచి నోట్లోంచి వస్తుంటే గది గుర్తొచ్చింది. ఇక జన్మలో మర్చిపోను ఆ మాట.

చదవడం, రాయడం, అడగడం వస్తోంది. వినడం దగ్గరే ఇంకా కష్టం. అంకె వినగానే మనసులో ఇరవై, ముప్పై, నలభై అని మెట్లెక్కుతూ వెళ్లి వెతుక్కుంటున్నా. ఈలోపు వాళ్లు తర్వాతి మాటకి వెళ్లిపోతారు.

---

నాపోలి_నుంచి
18 అక్టోబర్, రాత్రి 10:35

నీ జబ్బుకి మందు నా దగ్గర ఉంది. తంబోలా!

నిజంగానే చెప్తున్నా. మన అపార్ట్‌మెంట్ ఫంక్షన్లలో, పెళ్లికి ముందు రోజు రాత్రి ఆడే తంబోలా ఉంది చూడు, ఆ పేరు ఇక్కడి తోంబొల నుంచి వచ్చిందే. ఒకటి నుంచి తొంభై దాకా అంకెలు, కార్డు మీద మూడు వరసలు, వరసకి ఐదు చొప్పున పదిహేను అంకెలు. మనం ఇంట్లో ఆడేదీ ఇదే లెక్క. 1734లో నేపుల్స్‌లోనే పుట్టిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. క్రిస్మస్ రాత్రి ఇది ఆడని ఇల్లు ఉండదు. మనం ఎర్లీ ఫైవ్, టాప్ లైన్ అంటాం, వీళ్లు ఒకే వరసలో రెండు తగిలితే అంబో, మూడు తెర్నో, నాలుగు క్వతెర్న, ఐదు చింక్వీన, కార్డు మొత్తం నిండితే తోంబొల.

నువ్వు వరసలో నేర్చుకున్నావు, అందుకే వరసలో వెతుక్కుంటున్నావు. సంచిలోంచి తీసే అంకెకి వరస ఉండదు. 58 తర్వాత 3, ఆ తర్వాత 81. కార్డు మీద ఉందో లేదో చూసుకునే తొందరలో మెట్లెక్కే టైము ఉండదు. అంకె నేరుగా అంకెగానే తగలాలి. నేను మొదటి క్రిస్మస్‌కి మా ఓనర్ వాళ్లింట్లో నాలుగు గంటలు ఆడా. సంక్రాంతికి ఇంటికి ఫోన్ చేసినప్పుడు తెలుగు అంకె బదులు ఇటాలియన్ అంకె నోటికొచ్చింది.

పైగా ఈ ఊళ్లో ప్రతి అంకెకీ ఒక అర్థం ఉంది, స్మోర్ఫియా అంటారు. కల వస్తే అందులో కనిపించినదాన్ని అంకెగా మార్చి లాటరీ కట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 90 భయం. 22 పిచ్చివాడు. 25 క్రిస్మస్. 33 క్రీస్తు వయసు. 48 మాట్లాడే శవం. సిస్టర్ చెప్పిన 17 ఇక్కడ దురదృష్టం. ఆటలో అంకె తీసిన బామ్మ అంకె చెప్పదు, "మాట్లాడే శవం!" అని అరుస్తుంది, అందరూ 48 మీద గింజ పెడతారు. నేను గింజ అంటున్నా గానీ వాళ్లు ఎండు చిక్కుడు గింజలో, పప్పులో, నారింజ తొక్క ముక్కలో వాడతారు. మా ఓనర్ వాళ్లింట్లో నారింజ తొక్కలే. ఆట అయ్యేసరికి టేబులంతా ఆ వాసన.

---

పాలమూరు_పిల్లగాడు
19 అక్టోబర్, తెల్లవారుజామున 12:20

అన్న, నాకు ఒకటి యాదికొచ్చింది. మనం "నాలుగు మాటలు మాట్లాడి పోతా" అంటం గదా, నిజంగ నాలుగే మాట్లాడం. ఇక్కడ కూడ "క్వత్త్రో క్యాక్కియెరె", నాలుగు కబుర్లు. "దూయె పస్సి", అట్ల రెండడుగులేసి వస్తం అని. "దూయె పరోలె", రెండు ముక్కలు చెప్తా అని. జనం అసలు రాలేదంటే "క్వత్త్రో గత్తి", నాలుగు పిల్లులు. మా ఓనరు సోమవారం పూట ఖాళీ టేబుళ్లు చూసి ప్రతిసారి అదే అంటడు. ఇసొంటివి విన్నప్పుడు పరాయి దేశం అనిపియ్యది.

---

పాదోవా_అక్క
19 అక్టోబర్, ఉదయం 9:15

గడియారం కూడా అంతే తమ్ముడూ. మా తాతయ్య "పావు తక్కువ ఎనిమిది" అనేవారు. ఇక్కడ "ఒత్తో మెనో ఉన్ క్వార్తో". ఎనిమిది, పావు తక్కువ. ఎనిమిదింబావు "ఒత్తో ఎ ఉన్ క్వార్తో", ఎనిమిదిన్నర "ఒత్తో ఎ మెజ్జ". ఇంట్లో, స్నేహితుల మధ్య ఈ లెక్క. స్టేషన్లో మాత్రం 24 గంటలది. చెల్లీ, నీ స్టేషన్‌కి వెళ్లి పావుగంట కూర్చో. మైకులో రైలు నంబరు, టైము, ప్లాట్‌ఫారం, అంటే బినారియో, వరసగా చెప్తారు. విని, తర్వాత బోర్డు చూసి సరిచూసుకో. అంతకన్నా మంచి టీచర్ దొరకదు, డబ్బులూ అక్కర్లేదు.

లక్షల లెక్క ఎవరూ చెప్పలేదు, అదీ చెప్పేస్తా. వెయ్యి మిల్లె, రెండు వేల నుంచి మిల కలుస్తుంది: దూయెమిల, త్రెమిల. లక్ష చెంతొమిల. కోటి అంటే దియెచి మిలియోని. వంద కోట్లు ఉన్ మిలియార్దో. ఇంటికి డబ్బు పంపేటప్పుడు నేను ఇప్పటికీ లక్షల్లోనే ఆలోచిస్తా. అది పోదు, పోనక్కర్లేదు కూడా.

---

బెజవాడ_అమ్మాయి
27 డిసెంబర్, రాత్రి 11:05

అన్నయ్యా, తోంబొల కొన్నా! సెలవుల్లో ఊరెళ్లని వాళ్లం ఐదుగురం మిగిలాం హాస్టల్‌లో. బారీ నుంచి ఒకమ్మాయి, ఇద్దరు తమిళ అబ్బాయిలు, ఒక కొలంబియా అమ్మాయి, నేను. మూడు రాత్రులు ఆడాం. మొదటి రాత్రి ప్రతి అంకెకీ రెండోసారి చెప్పమన్నా. రెండో రాత్రి బారీ అమ్మాయి కావాలనే వేగం పెంచింది. మూడో రాత్రి సంచి నాకిచ్చారు, అంకెలు నేనే చదివా. అరవై ఏడు వచ్చినప్పుడు సెస్సంతసెత్తె అని స్స గట్టిగా ఒత్తి పలికా. మన సెనగలే గింజలు. అమ్మ పంపిన ప్యాకెట్.

మెట్లెక్కడం తగ్గింది. కొన్నిటికి అసలు లేదు.

---

లెక్కల_మాస్టారు
28 డిసెంబర్, ఉదయం 6:30

చాలా సంతోషం అమ్మా. మనవరాలికి చదివి వినిపించాను. ఎనిమిదో ఎక్కం ఇటాలియన్‌లో నీకు అప్పజెప్పాలని పట్టుబడుతోంది. ఒత్తో పెర్ సెత్తె?

---

బెజవాడ_అమ్మాయి
28 డిసెంబర్, ఉదయం 10:40

చింక్వంతసెయి! తనకి ముద్దులు మాస్టారూ.

---

బెజవాడ_అమ్మాయి
3 ఫిబ్రవరి, సాయంత్రం 5:50

ఈ రోజు నా మొదటి ఓరల్ పరీక్ష. కొత్తగా వచ్చేవాళ్ల కోసం చెప్తున్నా, ఇక్కడ మార్కులు 30కి, పాస్ కావాలంటే 18 రావాలి. ఓరల్ అయ్యాక ప్రొఫెసర్ మార్కు ముఖాన్నే చెప్పి, ఒప్పుకుంటావా అని అడుగుతారు. వద్దనుకుంటే మళ్లీ రాయొచ్చు. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే అడిగారు. అయిపోయాక కళ్లజోడు తీసి, అలవాటు కొద్దీ కాబోలు, ఇటాలియన్‌లో అన్నారు: "వెంతోత్తో. అచ్చెత్త?"

మెట్లెక్కలేదు. వెంతి, ఒత్తో, మధ్యలో సంధి. అంతే.

"సీ, అచ్చెత్తో" అన్నా.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ముందు అమ్మకి, తర్వాత మీకు. సిస్టర్, అక్కా, మాస్టారూ, పాలమూరు తమ్ముడూ, నాపోలి అన్నయ్యా, 28 అండి. ఇరవై ఎనిమిది.

---

రోమా_సిస్టర్
3 ఫిబ్రవరి, రాత్రి 7:30

దేవుడికి స్తోత్రం తల్లీ. ఇక్కడ త్రెంతోత్తో అమ్మగారికి కూడా చెప్పాను, అదే, 1938 ఆవిడకి. "బ్రావ" అని చెప్పమంది.